మాకు తేదీ చెప్పండి చాలు

జూలై వచ్చిందంటే గుంటూరులో ఎవరిని కదిపినా డ్యాముల మట్టాలే చెప్తారు. అరండల్‌పేటలో టీ తాగుతూ నిలబడ్డ మనిషి, పొలం అమ్ముకుని ఏళ్లు గడిచినవాడు కూడా, శ్రీశైలం 885 అడుగులకి ఎంత దూరంలో ఉంది, సాగర్ 590కి ఎక్కుతుందా లేదా, ఆల్మట్టి గేట్లు ఎత్తారా, జూరాల దగ్గర ఇన్‌ఫ్లో ఎంత అని క్రికెట్ స్కోరులా అప్పజెప్తాడు. ఇన్ని అంకెలు నోటికొచ్చిన మనకి తెలియని సంగతి ఒక్కటే. మన ఊరి తూముకి నీళ్లు ఏ తేదీన వస్తాయి, ఏ తేదీన ఆగిపోతాయి? ఇది రైతుకీ తెలియదు, కాలువ తూములు చూసుకునే లష్కర్‌కీ తెలియదు. అడిగితే పైనుంచి ఆర్డర్ రావాలంటారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కృష్ణలో నీళ్లు ఇక చాలినన్ని ఉండవు, ఆ రోజులు పోయాయి, దాని మీద ఎంత మొత్తుకున్నా లాభం లేదు. కానీ నీళ్లు తక్కువైనందుకు రైతు పోగొట్టుకునేది ఒక వంతయితే, ఎప్పుడొస్తాయో ఎన్నాళ్లొస్తాయో ముందుగా ఎవరూ చెప్పనందుకు పోగొట్టుకునేది రెండు వంతులు. ఇది లెక్క కట్టి చెప్తున్న మాట కాదు, చుట్టాల పొలాలు చూసి చెప్తున్న మాట. టీఎంసీల కోసం, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల లెక్కన నీటి వాటాల కోసం, కొట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. తేదీ కోసం కొట్లాడేవాళ్లు నాకైతే కనపడలేదు.

ముందు ఈ కొరత ఎక్కడిదో చూద్దాం. బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణా నీళ్లని మూడు రాష్ట్రాలకి పంచినప్పుడు 2,060 టీఎంసీలు ఉన్నాయని లెక్క వేసింది, దాంట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా, వాడగా తిరిగి నదిలో చేరే నీళ్లతో కలిపి, 811. విభజన తర్వాత దాన్నే ఆంధ్రప్రదేశ్ 512, తెలంగాణ 299గా వాడుకుంటున్నారు, ఆ గొడవ ఇంకా తేలలేదు. ఇదంతా అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఏంటంటే, ఆ 2,060 అనేది 75 శాతం నమ్మకంతో వేసిన లెక్క. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అన్ని నీళ్లు రావచ్చు, ఒక ఏడు రావు. రావని తెలిసే పంచారు! తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చి 65 శాతం నమ్మకం దాకా దిగి పంచింది, అంటే మూడేళ్లకి ఒకసారి కొరత అన్నది కాగితం మీదే ఒప్పుకున్నట్టు. కొరత ఏడాది అనేది దేవుడు పెట్టిన శిక్షేమీ కాదు, లెక్కలో భాగం. మరి ఆ నాలుగో ఏడు వచ్చినప్పుడు ఏ కాలువకి ఎంత కోత, ఏ ఊరికి ముందు, ఏ పంటకి ముందు అన్న నియమం తూము దాకా దిగిందా? రాష్ట్రాల మధ్య ట్రిబ్యునళ్లు ఉన్నాయి, బోర్డు ఉంది, సుప్రీంకోర్టు ఉంది. కాలువ మొదట్లో ఉన్న దుగ్గిరాల లాకులకీ చివర్లో ఉన్న పర్చూరు పొలాలకీ మధ్య ఏముంది? లష్కర్ ఉన్నాడు, వాడికి నాలుగు ఊళ్లు అప్పజెప్పారు, రాత్రిపూట షట్టర్ ఎవడు ఎత్తుతాడో వాడికీ తెలుసు, ఊరికీ తెలుసు.

దీనికి తోడు పైన కర్ణాటక, మహారాష్ట్ర తమ వాటా నీళ్లకి డ్యాములు కట్టుకున్నారు, అది వాళ్ల హక్కు, తప్పు పట్టడానికి లేదు. ఒకప్పుడు 408 టీఎంసీలు పట్టే సాగర్ ఒండ్రు చేరి ఇప్పుడు 312కి వచ్చింది. 2001 నుంచి 2004 దాకా వరసగా కరువు పట్టినప్పుడు ప్రకాశం బ్యారేజీ దాటి, సముద్రంలో కలిసే హంసలదీవి దాకా నది చేరడమే గగనమైంది. 

ఇక్కడ ఒకాయన తప్పకుండా లేస్తాడు. "మరి వరదొచ్చినప్పుడు సముద్రంలోకి వృథాగా పోతోంది కదా, దాన్ని ఆపుకోలేమా?" 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, ఆ బాధ ఎవరూ మర్చిపోలేదు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఆ లెక్కన ఆ వరద ఉధృతి రోజంతా నిలిస్తే దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీలో ఆగేవి 3 టీఎంసీల చిల్లర. దాని పైన ఉన్న పులిచింతల మొత్తం 45.77, అంటే ఆ వరద దాన్ని ఒక్క పూటలో నింపేస్తుంది. అలాంటి నీళ్లని పట్టడానికి ఎన్ని పులిచింతలలు కట్టాలి, కట్టినా ఏడాది విడిచి ఏడాది ఖాళీగా పడి ఉంటే ఆ వడ్డీ ఎవరు కట్టాలి? కట్టొద్దని అనడం లేదు, వీలున్నచోట కట్టండి. కానీ వరద రోజు అంకె చూపించి కరువు ఏడాది సంగతి తేల్చేయడం మోసం. అదీగాక సముద్రంలోకి పోయే ప్రతి చుక్కా వృథా అనే మాట తీరంలో ఉండేవాళ్లు అనరు. నిజాంపట్నం, నాగాయలంక వైపు నది నీళ్లు తగ్గితే ఉప్పు లోపలికి నడుచుకుంటూ వస్తుంది, బోరు వేస్తే నోట్లో పెట్టుకోలేని నీళ్లు పడతాయి.

తేదీ ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే పట్టిసీమ గురించి చెప్పాలి. దాని మీద రాజకీయం ఎంతైనా ఉండొచ్చు, నేను దాంట్లోకి పోను. గోదావరి నీళ్లని మోటార్లతో ఎత్తి పోలవరం కుడికాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపే పథకం అది, 2015లో మొదలైంది. 80 టీఎంసీలు అని ఘనంగా చెప్తారు. నా దృష్టిలో దాని అసలు లాభం ఆ 80లో లేదు. గోదావరికి వరద జూలైలోనే తగులుతుంది. కృష్ణకి ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ అన్నీ నిండి మన దాకా రావాలంటే చాలాసార్లు ఆగస్టు దాటుతుంది. ఈ తేడా వల్ల డెల్టాలో నారుమడులు నెల ముందు పడతాయి. నెల ముందు పడితే ఏమవుతుంది? పంట నవంబర్ మొదట్లో కోతకొస్తుంది, తుపాన్ల నుంచి చాలావరకు తప్పించుకుంటుంది. నెల ఆలస్యమైతే సరిగ్గా కోత ముందు, పనల మీద, తుపాను వచ్చి కూర్చుంటుంది. 2023లో రెండూ చూశాం. కృష్ణలో వరద లేదు, శ్రీశైలం నిండలేదు, సాగర్ నిండలేదు, నీళ్లకి కటకట. అంత కష్టపడి కాపాడుకున్న వరి మీదికి డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటింది. అదే పొలం అదే ఏడు ముందు ఎండింది, తర్వాత మునిగింది. ఇందులో వాన తప్పు కొంత ఉంది, క్యాలెండర్ తప్పు కూడా కొంత ఉంది.

ఆలస్యం అక్కడితో ఆగదు. మా వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందే, చేను నిలబడి ఉండగానే, బురద పదునులో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి మినుము మొలిచి ఉంటుంది. మంచు, నేలలో ఉన్న తేమ, అంతే, కాలువ నీళ్లు ఒక్క తడి అడగదు. గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దీనికోసమే ఎల్‌బీజీ రకాలు తయారు చేశారు. నన్నడిగితే కృష్ణా డెల్టా రైతు నీటి పొదుపు గురించి ప్రపంచానికి చెప్పగలిగిన పాఠం ఇదే, దీన్ని ఏ కన్సల్టెంటూ నేర్పలేదు. కానీ మినుముకి అదను ముఖ్యం. నవంబర్ చివర, డిసెంబర్‌లో పడాలి. వరి ఆలస్యమైతే మినుము ఆలస్యం, ఆలస్యమైతే పూత మీద ఎండ, పైన పల్లాకు తెగులు. ఇలా దెబ్బ తిని తిని తెనాలి, దుగ్గిరాల వైపు చాలామంది మినుము మానేసి, దున్నకుండా వరి మోళ్ల మధ్యే మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టారు. దిగుబడి బ్రహ్మాండంగా వస్తుంది, దున్నకం ఖర్చు లేదు, ఎవరినీ తప్పు పట్టలేం. కాకపోతే మొక్కజొన్నకి జనవరి నుంచి మార్చి దాకా తడులు కావాలి. నీళ్లు అడగని పంట పోయి నీళ్లు అడిగే పంట వచ్చింది. దీనికి ఒక్కటే కారణం అనను, రేటు ఉంది, తెగులు ఉంది, కూలీల సంగతి ఉంది. కానీ జూన్‌లో నీళ్లొచ్చే తేదీ తప్పడం కూడా ఆ కారణాల్లో ఒకటి, దాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

ఇప్పుడు సాగర్ కుడి కాలువ వైపు వెళ్దాం. 203 కిలోమీటర్ల కాలువ, పల్నాడు దాటి ప్రకాశం దాకా పోతుంది. దీని కింద చాలా భాగం ఆరుతడి పంటలకే లోకలైజ్ చేశారు, అంటే పత్తి, మిరప, అపరాలు వేసుకోవాల్సిన నేల. వెళ్లి చూడండి, కాలువ మొదట్లో వరి పచ్చగా ఉంటుంది. ఆరుతడి నేలలో వరి ఎందుకు వేశావయ్యా అంటే ఇంజనీర్లు "దురాశ" అంటారు, చివరి భూముల వాళ్లు ఇంకా గట్టి మాటలు అంటారు. నేను ఆ రైతు వైపు నుంచి కొంచెం ఆలోచించమంటాను. వాడికి మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. పది రోజులకా, ఇరవై రోజులకా, అసలు రాదా? అలాంటప్పుడు దొరికినప్పుడే గట్టు నిండా పెట్టుకోవడం ఒక్కటే వాడి చేతిలో ఉన్న భద్రత. మిరపకి అలా నిలబెట్టలేడు, వేరు కుళ్లి చస్తుంది. వరికి నిలబెట్టొచ్చు. పైగా ధాన్యం ఎలాగోలా కొంటారు, కందులు ఎవరు కొంటారో దైవాధీనం. తారీఖు లేని కాలువ కింద వరి వేయడం తెలివైన పనే. పై రైతు నీళ్లు నిలబెట్టుకున్న కొద్దీ కింద దర్శి వైపు మిరపకి జనవరిలో తడి అందదు, ట్యాంకర్లు పెట్టి మొక్కమొక్కకీ పోసుకోవాల్సి వస్తుంది. ట్యాంకరు ఖర్చు కాయ అమ్మితే వస్తుందా అంటే, గుంటూరు యార్డులో ఆ రోజు రేటు బట్టి.

వంతులు కచ్చితంగా నడిస్తే, ఈ శనివారం నుంచి వచ్చే శుక్రవారం వరకు ప్రధాన కాలువ నుంచి చీలే నీ మేజర్‌కి, తర్వాత వారం ఆఫ్ అని రాసి, ఆ మాట నిలబెడితే, పై రైతు కూడా అంత నిలబెట్టుకోడు. వరికి కూడా ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాల్సిన పని లేదు, పిలకలు వేసే దశలో ఆరబెట్టి తడిపినా పండుతుందని అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎందుకు చేయరంటే ఆరబెట్టాక తడపడానికి నీళ్లొస్తాయన్న నమ్మకం లేదు కాబట్టి. మన వ్యవసాయ శాఖ మీటింగుల్లో ఈ పద్ధతి గురించి ప్రొజెక్టర్ పెట్టి చూపిస్తారు, కాలువ టైం టేబుల్ మాత్రం చూపించరు.

మా పిన్ని వాళ్ల ఊరు పర్చూరు వైపు, కొమ్మమూరు కాలువ చివర్లో. బాబాయ్ అక్కడే సేద్యం. మొన్న ఫోన్లో ఇదే విషయం మాట్లాడుతుంటే, "నీళ్లు తక్కువిస్తారని ముందే చెప్తే బాధ లేదురా, జొన్న వేసుకుంటాం, శనగ వేసుకుంటాం, లేకపోతే చేను వదిలేసి హాయిగా ఉంటాం. ఇస్తాం ఇస్తాం అని నారు పోయించి ఎండబెట్టేదే ఒళ్లు మండుద్ది" అన్నాడు. కాలువ రాకపోతే ఆయన మురుగు కాలువ మీద ఇంజన్ పెట్టుకుంటాడు. పై ఊళ్ల పొలాల నుంచి కారిన నీళ్లే అవి. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి, ఎందుకంటే పైన కాలువలకి సిమెంటు లైనింగ్ వేస్తే ఇన్ని టీఎంసీలు ఆదా అని లెక్కలు చెప్తుంటారు. తెనాలి, కొల్లిపర వైపు ఇంకిన నీళ్లు ఎక్కడికీ పోవు, బోర్లలోకో డ్రెయిన్లలోకో వస్తాయి, అక్కడ అరటీ పసుపూ వాటి మీద కూడా బతుకుతాయి. పైన ఆదా అన్నది కింద బాబాయ్ ఇంజన్‌లో కోత. సముద్రం దగ్గర భూముల్లో ఇంకిన నీళ్లు మాత్రం ఉప్పులో కలిసి నిజంగా పోతాయి. లైనింగ్ డబ్బులు తక్కువుంటే చివరి నుంచి మొదలుపెట్టండి అని నా మాట. ఎప్పుడూ మొదటి నుంచే మొదలుపెడతారు, చివరికొచ్చేసరికి బిల్లులు ఆగిపోతాయి.

సరే, తేదీ ఎలా చెప్తారు, వాన ఎవరి చేతిలో ఉంది అంటారు. కరెక్టే, జూన్‌లో సంవత్సరం మొత్తం చెప్పలేరు. కానీ షరతు పెట్టి చెప్పొచ్చు కదా. జూలై చివరికి శ్రీశైలంలో ఇంత ఉంటే ఈ కాలువలకి వరి, ఇంతకంటే తక్కువుంటే ఈ మేజర్ల కింద ఆరుతడి మాత్రమే, ఆగస్టు 15కి కూడా రాకపోతే తాగునీటికి తప్ప వదలం, విత్తనాలు ఫలానా చోట ఉన్నాయి. ఇంతే. సాగర్‌లో 510 అడుగులు అని సాగుకి కనీస మట్టం గీత గీసుకున్నవాళ్లు రైతు ఇంటి గోడ మీద ఇంకో రెండు గీతలు గీయలేరా? పై డ్యాముల్లో ఎంత ఉందో రోజూ తెలుస్తూనే ఉంది. నీటిపారుదల సలహా మండలి సమావేశాల్లో మాత్రం చివరికి వచ్చే మాట "లభ్యతను బట్టి నీరు విడుదల చేస్తాం" అన్నదే. లభ్యతను బట్టి కాకపోతే దేన్ని బట్టి చేస్తారు?

ఈ పని పల్లెటూరి మనుషుల వల్ల కాదని ఎవరైనా అంటే ప్రకాశం జిల్లా వైపే చూడమంటాను. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో నడిచిన ఏపీఫామ్‌గ్స్ అనే భూగర్భజలాల కార్యక్రమంలో అక్కడా, అనంతపురం లాంటి మరికొన్ని కరువు జిల్లాల్లోనూ రైతులే వర్షం కొలిచారు, బావుల్లో మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఇంత నీరుంది, ఈ పంటలు వేస్తే ఇంత కావాలి అని గోడ మీద లెక్క రాశారు. ఎవరినీ బలవంతం చేయలేదు, జరిమానా లేదు, లెక్క చూసి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. చాలామంది వరి తగ్గించుకున్నారు. భూమి లోపల కనపడని నీళ్లకే బడ్జెట్ వేయగలిగితే కళ్ల ముందు పారే కాలువకి వేయలేమా? నీటి సంఘాలు ఉండనే ఉన్నాయి. 1997లో చట్టం తెచ్చి పదివేలకి పైగా సంఘాలు పెట్టారు, దేశమంతా వచ్చి చూసి వెళ్లారు. తర్వాత అవి పూడికతీత కాంట్రాక్టుల సంఘాలుగా మిగిలాయి, గుర్రపుడెక్క తీయడం, బిల్లు పెట్టడం. 2024 డిసెంబర్‌లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. వాళ్ల చేతికి కాంట్రాక్టుతో పాటు తమ తూము దగ్గర రోజువారీ గేజీ రీడింగ్ (నీటి మట్టం కొలత), దాన్ని రైతులందరి వాట్సాప్‌కి పంపాల్సిన బాధ్యత ఇవ్వండి. పైన ఎంత వదిలారో కింద ఎంత చేరిందో రెండూ ఒకే చోట కనపడితే రాత్రి షట్టర్లు ఎత్తేవాళ్లు కొంచెం ఆలోచిస్తారు. పూర్తిగా మానేస్తారని నేనూ అనుకోవట్లేదు.

అసలు అడ్డం రాజకీయం. "ఈసారి వరి వద్దు" అని జూన్‌లో చెప్పే ధైర్యం ఏ పార్టీకీ లేదు. నారు పోశాక, ఎండాక, "పైనుంచి నీళ్లు రాలేదు, మేమేం చేస్తాం" అనడం తేలిక, అప్పుడు తప్పు కర్ణాటకదో తెలంగాణదో అవుతుంది. 2023 నవంబర్ 30న సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, టీవీలకి పండగ. ఆ రోజు డ్యామ్ దగ్గర సగం గేట్ల కోసం కొట్లాట జరిగింది గాని కుడి కాలువ రైతుకి వచ్చే తడి తేదీ తేలలేదు.

ఈ ఆలస్యమంతా ఎక్కువ మోసేది కౌలు రైతు. డెల్టాలో పొలం చేసేవాళ్లలో వాళ్లే ఎక్కువ. కౌలు ఒప్పందం వేసవిలోనే అయిపోతుంది, చాలాచోట్ల డబ్బు ముందే కట్టాలి, లేదా ఎకరానికి ఇన్ని బస్తాలని మాట ఇవ్వాలి. నీళ్ల సంగతి తేలేది ఆగస్టులో. ఈ లోపు వాడు అప్పు తెచ్చేశాడు. సొంత పొలం ఉన్నవాడు కొరత ఏడు చేను వదిలేసి ఊరుకోగలడు, బాబాయ్ అన్నట్టు హాయిగానే. కౌలుదారు వదల్లేడు, బస్తాలు ఇవ్వాలి కాబట్టి ఎలాగైనా వరే వేస్తాడు, ఇంజన్లు పెడతాడు, డీజిల్ పోస్తాడు. కొరత ప్రకటించిన ఏడు కౌలు కూడా ఆ మేరకు తగ్గాలి అన్న నియమం రాకుండా ఎన్ని టైం టేబుళ్లు వేసినా సగం పనే.

కొరత ఏడాదిలో ముందు ఎవరికి ఇవ్వాలంటే, చివరి భూములకి ముందు అంటాను. పై వాళ్లకి బోర్లున్నాయి, ఊట ఉంది, మంచినీళ్లు పడతాయి. చివరి వాళ్లకి కాలువ తప్ప ఇంకో దారి లేదు, కింద ఉప్పు నీళ్లు. ఇది మా అమ్మ వాళ్ల ఊళ్లో చెప్తే ఊరుకోరు, వాళ్లది దుగ్గిరాల దగ్గర, కాలువ పక్కనే. మా మామయ్యకి చెప్పాను కూడా. "నీటి తీరువా ఎకరానికి రెండొందలు మేమూ కడుతున్నాం, వాళ్లూ కడుతున్నారు, మా వంతు ఎందుకు వదులుకోవాలి?" అన్నాడు. ఊరికే వదులుకోమని నేను అనలేదు. కొరత ఏడు వరి వేయకుండా ఆగిన పై ఎకరానికి ప్రభుత్వం ఇంత అని కట్టివ్వాలి, ఎండిపోయాక ఇచ్చే పరిహారం కంటే అది తక్కువే అవుతుందని నా అంచనా. ఆయన కాసేపు ఆగి, "ఇస్తే జూన్‌లోనే ఇవ్వాలి మరి, మార్చిలో ఇస్తామంటే మేం వరే వేస్తాం" అన్నాడు.